ఎండదెబ్బ కాదు

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకు మా ఆస్పత్రి ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి ఏడుగురు ఆడవాళ్లను దించారు. నలుగురు తమంతట తామే నడిచారు గానీ, ముఖాలకు కొంగులు అదుముకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని తడుముకుంటూ నడిచారు. ఇద్దరిని చేతుల మీద మోసుకొచ్చారు. ఆఖరామె వ్యాను మెట్టు మీదే కూర్చుని, వంగిపోయి దగ్గుతూ ఉండిపోయింది.

చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో ఉన్న చిన్న ప్రభుత్వ ఆస్పత్రి అది. నేను అక్కడ కాంట్రాక్టు నర్సును. ఏడాదికోసారి మా కాగితాలు పైకి పోయి సంతకమై వస్తే ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. మామిడికాయల కాలం కావడంతో రోడ్డు నిండా బెంగుళూరు రకం మామిడి లారీలే. ఆ కాయను గుజ్జు తీసి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని నుంచే ఈ ఆడవాళ్లు వచ్చారు. చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి.

వాళ్లతో వచ్చిన మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరునని చెప్పాడు.

"ఎండదెబ్బ సిస్టరమ్మా. లోపల వేడి ఎక్కువ. మద్యానం అన్నం తిని రాంగానే కండ్లు తిరిగి పడిపోయినారు" అన్నాడు.

నేను మెట్టు మీది ఆమె దగ్గరికి పోయి చంకల్లో చేతులు వేసి లేపాను. ఆమె చీరలోంచి గుప్పున వచ్చిన వాసనకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఘాటు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాయన చిత్తూరులో ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే గదంతా అదే వాసన. అమ్మోనియా. సరుకు చల్లగా ఉంచే గదుల్లో గొట్టాల గుండా అది పోతూ ఉంటుందని, గొట్టం చిట్లితే మనిషి నిలబడలేడని నాయన చెప్పేవాడు.

ఆమెను మంచం మీద పడుకోబెట్టి థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. ఒళ్లు చల్లగా, చెమటతో తడిగా ఉంది. మిగిలిన ఆరుగురికీ చూశాను. ఒక్కరికీ ఒంట్లో వేడి పెరగలేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉబ్బి రెప్పలు అతుక్కుపోయాయి. గొంతులు బొంగురుపోయాయి.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మేనేజరు అతన్ని వరండాలోకి తీసుకుపోయి పది నిమిషాలు మాట్లాడాడు. తిరిగొచ్చాక డాక్టరు నా వైపు చూడకుండా ఏడు కేస్ షీట్ల మీదా ఎండదెబ్బ అని రాశాడు. సెలైన్ ఎక్కించమని చెప్పాడు.

"సార్, కళ్లు కడగాలి. ఇది గ్యాస్" అన్నాను.

"కడగండి. కడగొద్దని నేనన్నానా?" అని తన గదిలోకి పోయాడు.

కడిగాను. సెలైన్ బాటిల్‌కు గొట్టం తగిలించి, రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని, కంట్లోకి ధారగా వదలాలి. ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. వార్డు ఆయా ఒక మంచం దగ్గర, నేను ఒక మంచం దగ్గర నిలబడి సాయంత్రం దాకా అదే పని చేశాం. ఆక్సిజన్ సిలిండర్లు రెండే ఉంటే మనిషి మార్చి మనిషికి పెట్టాం.

వ్యాను మెట్టు మీద కూర్చున్నామెకు అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలింది. ముప్పై ఏళ్లుంటాయి. తమిళనాడు సరిహద్దు దగ్గరి పల్లె. కుడికన్ను నల్లగుడ్డు మీద పల్చటి తెర లాంటిది పడి ఉంది. నీళ్లు పోస్తుంటే ఆమె మంచం అంచును గట్టిగా పట్టుకుంది గానీ అరవలేదు. నేనేమీ అడగకుండానే మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున్నించే ఆ గొట్టం బుస్సుమంటా ఉండాది సిస్టర్. సూపర్‌వైజరుకు రెండు తూర్లు సెప్పినాను. పని సూడు పో అన్నాడు. మద్యానం ఒక్కసారిగా తెల్లగా పొగ వచ్చింది. అందరూ తలుపుకాడికి పరిగెత్తినాము. తలుపు రాలే."

"ఎందుకు రాలేదు?"

"బయట గడియ ఏసుంటారు. ఊరికే ఊరికే బయటికి పోతా ఉండామని, భోజనమయినంక గడియ ఏస్తారు. కొట్టినాము, అరిసినాము. ఎంతసేపటికో తీసినారు."

నా చేయి ఆగిపోయింది. సెలైన్ ఆమె చెంప మీదుగా దిండులోకి కారింది. గొట్టం చిట్లడం ప్రమాదం అనుకోవచ్చు. గడియ ప్రమాదం కాదు. ఈ మాట బయటికొస్తే ఏమవుతుందో, రాకుండా ఉండటానికి వాళ్లు ఎంత దూరం పోతారో ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. భయం మొదలైంది అప్పుడే.

మా ఆస్పత్రిలో డాక్టరు రాసే కాగితం వేరు, నర్సు రాసే కాగితం వేరు. రోగి ఏ స్థితిలో వచ్చింది, ఏం చెప్పింది, మేమేం చేశాం అన్నది మేం రాయాలి. సాధారణంగా దాన్నెవరూ చదవరు. నేను పెన్ను తీసుకుని ఆమె పక్కన కూర్చుని అడిగాను.

"నువ్వు చెప్పింది రాయమంటావా?"

ఆమె ఎడమ కన్ను సగం తెరిచి చూసింది. "రాస్తే పనిలోకి రానీరు సిస్టర్."

"అవును, రానివ్వకపోవచ్చు. నీ కుడికన్ను సంగతి కూడా నీకు చెప్పాలి. అది మునుపటిలా అవుతుందో లేదో నేను చెప్పలేను. ఎండదెబ్బని కాగితంలో ఉంటే రేపు తిరుపతిలో కంటి డాక్టరుకు కూడా ఏం జరిగిందో తెలియదు."

ఆమె పక్క మంచాల వైపు తల తిప్పింది గానీ ఏమీ కనిపించినట్టు లేదు. తర్వాత అంది, "నా కాగితంలో రాయండి. వాళ్లవాటిల్లో గడియ సంగతి వద్దు. వాళ్లకు సిన్నబిడ్డలుండారు."

తనకూ ఒక బిడ్డ ఉందని తర్వాత తెలిసింది నాకు.

రాశాను. ఆరుగురి కాగితాల్లో కళ్లు, గొంతు ఎలా ఉన్నాయో, బట్టల్లోంచి ఏ వాసన వచ్చిందో, ఒంటి వేడి ఎంతో రాశాను. అవి నేను చూసినవి, దాచడానికి వీల్లేదు. ఆమె కాగితంలో ఆమె మాటలన్నీ రాశాను. గొట్టం, సూపర్‌వైజరు, గడియ. కింద సంతకం చేసి టైము వేశాను.

డ్యూటీ దిగి చెప్పులు వేసుకుంటుంటే మేనేజరు వచ్చాడు. గొంతు ఎత్తలేదు. ఆస్పత్రి వరండాలో నలుగురు వింటుండగానే, ఎవరికీ ఏమీ అర్థం కానంత మామూలుగా మాట్లాడాడు.

"సిస్టరమ్మా, మీరు కాణిపాకం నుంచి గదా వచ్చేది? మీ ఆయన అంగట్లోనే నేను టెంకాయలు తీసుకుంటాను. మంచి మనిషి."

"అవునా సార్."

"పాప ఏడో తరగతా? సాయంత్రం రెండో ట్రిప్పు బస్సులో వస్తుంది గదా." ఆగాడు. "మీరేదో ఎక్కువ రాసినారంట. అలసటలో పొరపాటు అందరికీ జరగతాది. ఆ పేజీ తీసేసి వేరే రాసేయండి. డాక్టరు గారు రాసినట్టే రాస్తే మీకూ మాకూ ఏ ఇబ్బందీ ఉండదు."

కాదనలేదు, ఔననలేదు. "బస్సు టైమైంది సార్" అని వచ్చేశాను. గేటు దాటాక కూరగాయల బండి పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

బస్సులో కిటికీ పక్క కూర్చుంటే వెనకాలే ఒక మోటార్‌సైకిల్ వస్తున్నట్టు అనిపించింది. ఎర్ర బండి, ఇద్దరు మనుషులు. బస్సు ఆగినప్పుడు అదీ ఆగింది. నిజంగా నా వెనకే వచ్చారో, వాళ్ల దారిన వాళ్లు పోతున్నారో ఈ రోజుకీ నాకు తెలియదు. కాణిపాకం స్టాపులో దిగి ఇంటి వైపు పోకుండా గుడి వీధిలో జనంలోకి పోయాను. ఇంటికి పోయే మాట తర్వాత, మొదట పాప బస్సు దిగిందో లేదో చూడాలి. మా అంగట్లో టెంకాయల బుట్ట పక్కన పాప కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. దాన్ని చూశాక ఏడుపొచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. అన్నం కలుపుతున్న చేయి ఆపి విన్నాడు.

"నీకేల ఈ పని? డాక్టరే రాయనప్పుడు నువ్వేల రాస్తివి?"

"ఆమె కన్ను పోతా ఉంది."

"మన పాప బస్సు టైము వాడికి తెలుసంటే నీకర్థం కాలేదా?" అన్నాడు. మళ్లీ, "ఇంగ ఏం సేస్తావు? మార్చి రాస్తావా?"

"తెలియదు" అన్నాను. అది నిజం. ఆ రాత్రి మార్చి రాద్దామనే అనుకున్నాను. పొద్దున్నే పోయి, ఎవరూ రాకముందే, కొత్త కాగితం తీసుకుని, ఎండదెబ్బ అని రాసేస్తే అంతటితో పోతుంది. పాపను గట్టిగా పట్టుకుని పడుకుని అదే అనుకున్నాను. ఈ మాట చెప్పకుండా దాచుకుంటే నన్ను నేను మంచిదాన్ని చేసి చూపించుకున్నట్టవుతుంది. అందుకే చెబుతున్నాను.

తెల్లవారి మొదటి బస్సుకే పోయాను. కేస్ షీట్లు ఉండే ట్రేలో ఆమె ఫైలు లేదు. వాళ్లే తీసేశారనుకున్నాను. ఒక క్షణం, సిగ్గుగా ఉంది గానీ, ప్రాణం కుదుటపడింది.

మా హెడ్ నర్సు మందుల గదిలోంచి వచ్చింది. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, నవ్వడం ఎవరూ చూసి ఉండరు. "ఆ ఫైలు నా బీరువాలో ఉండాది" అంది. "నిన్న నువ్వు పొయినంక అడిగినారు. తాళంచెవి ఇంట్లో మర్చిపోయినానని చెప్పినాను."

"మీరు చదివారా?"

"సదవకుండా దాస్తానా?" నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మార్చల్లనుకుంటా ఉండావా?"

నేను ట్రేలోని కాగితాలు సర్దాను.

"ఇష్టం నీది. బిడ్డ గలదానివి, నిన్ను నేనేమీ అనను. కానీ ఒకటి. నువ్వు కొత్తగా రాస్తే కింద నీ సంతకం ఉంటాది. రేపు ఆయమ్మ కండ్లు పోయి ఎవురైనా అడిగితే, అబద్ధం రాసింది డాక్టరు ఒక్కడే కాదు, నువ్వు కూడా."

వార్డులోకి పోయాను. ఆమె కుడికన్ను తెల్లగా, గరుకు గాజులా మారిపోయి ఉంది. చేయి అడ్డం పెట్టి ఎన్ని వేళ్లని అడిగితే చెప్పలేకపోయింది. అక్కడే నిలబడి, ఇంక మార్చేది లేదనుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. ఆమె ముందు కూర్చుని ఆ కాగితం మార్చడం నా చేత కాదని తెలిసిపోయింది, అంతే.

డాక్టరును పిలిచి కన్ను చూపించాను. టార్చి వేసి చాలాసేపు చూశాడు. ముఖంలో రంగు పోయింది. ఫ్యాక్టరీవాళ్లు ఆమెను తమకు తెలిసిన ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోతామని అప్పటికే కారు పంపి ఉన్నారు. కారు గేటు దగ్గర నిలబడి ఉంది. డాక్టరు కిటికీలోంచి దాన్ని చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు.

"తిరుపతి పెద్దాస్పత్రికి పంపిద్దాం. అంబులెన్స్‌కు ఫోన్ చేయండి" అన్నాడు.

కూర్చుని రెఫరల్ ఉత్తరం రాశాడు. పూర్తయ్యాక నా చేతికిచ్చాడు. రసాయనం వల్ల కంటికి గాయం అని ఉంది.

"మీరు రాసిన పేజీ కూడా జెరాక్స్ తీసి దీనికి జోడించండి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చేతిలోని పెన్ను టేబుల్ మీద టకటకా కొట్టుకుంటోంది. అతనూ నాలాగే భయపడుతున్నాడని అప్పుడు చూశాను. అంతకుముందు రోజు నుంచీ అతని మీద ఉన్న కోపం సగం పోయింది.

అంబులెన్స్ గేటు దాటేటప్పుడు కారు పక్కన నిలబడ్డ మేనేజరు నా వైపే చూశాడు.

తిరుపతిలో ఆ కాగితాలు చూసిన డాక్టర్లు పోలీసులకు తెలియజేశారు. అక్కడి నుంచి సంగతి ఫ్యాక్టరీల తనిఖీ అధికారి దాకా పోయింది. విచారణ జరగడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు నేను ఎలా బతికానో చెప్పడం కష్టం. ఫోన్ మోగేది, ఎత్తితే అవతల ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒకసారి మాత్రం ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది. మా అంగడి స్థలం ఓనరు వచ్చి, తనకు వేరే అవసరం పడిందనీ, నెలాఖరుకు ఖాళీ చేయమనీ చెప్పాడు. పన్నెండేళ్లుగా అక్కడే ఉన్నాం. ఎవరు చెప్పించారని మా ఆయన అడిగితే అతను తల దించుకున్నాడు. పాపను స్కూలు బస్సు మాన్పించి మా ఆయనే టీవీఎస్ మీద దించి తీసుకొచ్చేవాడు. ఎందుకని అది అడిగితే పెట్రోలు దండగైనా నాయనతో తిరగడం బాగుంటుంది కదా అని నవ్వించేవాడు. నాతో మాత్రం సరిగా మాట్లాడేవాడు కాదు.

ఒక రోజు టీ కాచి ఇస్తూ అడిగాను, "నా మీద కోపమా?"

"కోపం కాదే, భయం" అన్నాడు. "నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చే దాకా ఒకటే ఎదురుసూపు. బస్సు అయిదు నిమిషాలు లేటైతే కాళ్లు నిలబడవు నాకు."

విచారణ మా ఆస్పత్రి సూపరింటెండెంటు గదిలోనే జరిగింది. అధికారి నడివయసు మనిషి. ఎదురుగా ఫైళ్లు. ఒక పక్క కుర్చీలో మేనేజరు, అతని పక్కన వకీలు. ఇంకో పక్క నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆమె, ఆమె అన్న. మిగిలిన ఆరుగురిలో ఒక్కరు కూడా రాలేదు. ఎండదెబ్బే తగిలిందని సంతకాలు పెట్టిన కాగితాలు ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర ఉన్నాయి. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

వకీలు నన్ను అడిగాడు. "మీరు డాక్టరు కాదు కదా. అమ్మోనియా అని ఎలా రాశారు?"

"వాసన తెలుసు సార్. ఎండదెబ్బకు ఒళ్లు కాలిపోవాలి. వాళ్లలో ఏ ఒక్కరికీ జ్వరం లేదు. వచ్చిన వెంటనే చూసి రాసిన చార్టు ఉంది."

"తలుపు గడియ మీరు చూశారా?"

"చూడలేదు."

"చూడనిది ఎలా రాశారు?"

మేనేజరు నా ముఖం వైపే చూస్తున్నాడు. చీర కొంగు కొసను చేతిలో ముడేసి పట్టుకున్నాను. "నేను చూశానని రాయలేదు సార్. ఆమె చెప్పిందని రాశాను. రోగి చెప్పింది రాయడం నా పని" అన్నాను. నా గొంతు నాకే వినిపించనంత చిన్నగా వచ్చింది. అధికారి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

అప్పుడు ఆమె అంది, ఎవరూ అడగకుండానే. "నేనే సెప్పినా సార్. సిస్టరు రాయమంటావా అని అడిగితే రాయమని నేనే అన్నా. గడియ ఇప్పుడు కూడా ఆ తలుపుకు ఉండాది. పోయి సూడండి."

అధికారి ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీకి పోయాడు. గడియ ఉంది. ఆ గదిలోంచి బయటికి రావడానికి ఇంకో దారి లేదని రాసుకున్నాడు.

ఆ మామిడికాయల కాలం అయిపోయేదాకా ఫ్యాక్టరీ మూసేశారు. గొట్టాలు మార్చాక, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపులు పెట్టాక, మరుసటి ఏడాది తెరిచారు. ఆమెకు నష్టపరిహారం ఇప్పించారు. కుడికన్నుకు చూపు రాలేదు, వెలుగు మాత్రం తెలుస్తుంది. ఆమెను పనిలోకి తీసుకోలేదు. ఆరుగురు తిరిగి అక్కడికే పనికి పోయారు. మేనేజరును వేరే ఊరి ఫ్యాక్టరీకి మార్చారని విన్నాను. ఎక్కడికో నాకు తెలియదు. తెలియకపోవడం కూడా ఒక బాధే.

నా కాంట్రాక్టు కాగితాల మీద సంతకం ఆ ఏడాది ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. కాకపోతే నన్ను సరిహద్దు దగ్గరి పల్లె ఆరోగ్య కేంద్రానికి మార్చారు. రెండు బస్సులు మారి పోవాలి. మా ఆయన అంగడి పోయాక తోపుడు బండి మీద టెంకాయలు అమ్ముతున్నాడు. వానాకాలంలో కష్టం.

కొత్త చోట చేరిన కొన్ని నెలలకు ఆమె వచ్చింది. కూతురికి జ్వరమని తీసుకొచ్చింది. వాళ్ల పల్లె అక్కడికి దగ్గరేనట. పాపకు మందులిచ్చాక, బయట జనం తగ్గాక, బెంచీ మీద నా పక్కన కూర్చుంది. ఊళ్లోనే రెండు పాడి ఆవులు పెట్టుకుని పాలు పోస్తోందట.

"మీకు ఇంగా ఫోన్లు వస్తా ఉండాయా సిస్టర్?" అని అడిగింది.

"లేదు. ఆగిపోయాయి."

"భయం?"

"అది ఉంది. ఎవరైనా కొత్త మనిషి మా ఊరు ఏదని అడిగితే చెప్పడానికి నోరు రాదు."

ఆమె తలూపింది. "నాకు మూసిన గది అంటే పడదు. ఇంట్లో కూడా తలుపు తీసే పండుకుంటాను. మా అన్న తిడతాడు, దొంగలొస్తారని." కూతురి నుదురు తడిమి చూసింది. "ఆ పొద్దు రాయద్దని అనుంటే మీరు రాసుండరా?"

నేను ఆలోచించాను. "కళ్లు, వాసన రాసుండేదాన్ని. గడియ సంగతి రాసుండను."

"నేను రాయమని అన్నంక మీరు రాయకుండా ఉండుంటే?"

మార్చి రాద్దామని ఒక రాత్రంతా అనుకున్న సంగతి ఆమెకు చెప్పాను. అంతవరకూ ఆమెకు తెలియదు. కోప్పడుతుందేమో అనుకున్నాను.

"నేను కూడా తిరుపతి ఆస్పత్రిలో నాలుగు దినాలు అదే అనుకుంటా ఉంటి సిస్టర్" అంది. "ఎండదెబ్బే అని సెప్పేస్తే పోతాది గదా అని."

పాప మందు చేదుగా ఉందని ముఖం ముడుచుకుంటే ఆమె దాని నోరు కొంగుతో తుడిచింది. బస్సు హారన్ వినిపించింది. ఆమె లేచి కూతురి చేయి పట్టుకుంది. గేటు దాకా పోయాను. ఆమె ఎడమవైపు నుంచి వచ్చే బండిని చూసుకుని, కుడివైపు నేను చూసి చెప్పాక, రోడ్డు దాటింది.